బోణీ బేరంలో మదర్‌బోర్డు

మొన్న ఆదివారం మా అమ్మాయి సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, ఆటలాడుకునే కంప్యూటర్‌ని తనే బిగించుకుంటానంటూ ఫోన్లో ఒక్కొక్క భాగమే ఎంచుకోవడం మొదలుపెట్టింది. మదర్‌బోర్డు ఒకటి కొనేసింది, కాఫీ తాగేలోపు దాన్ని రద్దు చేసి ఇంకొకటి కొంది. అలా రద్దు చేసినప్పుడు నా గుండె ఎందుకు గతుక్కుమందో దానికి చెప్పినా అర్థం కాదు. కంప్యూటర్ మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పి చూసుకున్న మన తరం వాళ్లతోనైతే చెప్పుకోవచ్చు.

మా నాన్నది చీపురుపల్లిలో బట్టల కొట్టు. నేను డిగ్రీ చదివే రోజుల్లో విజయనగరంలో మేనత్త ఇంటికి వెళ్లినప్పుడల్లా మా బావ కంప్యూటర్లో కార్ల పందెం ఆడుతూ, నన్ను మాత్రం వెనక కుర్చీలో కూర్చోబెట్టి చూడనిచ్చేవాడు. నేను ముట్టుకుంటే మీటలు విరిగిపోతాయట, అక్కడికి నావేవో రోకలి పట్టిన చేతులైనట్టు! ఆ ఉక్రోషంతోనే పత్రికలు తిరగేసి, కనబడినవాళ్లనల్లా విసిగించి, ఏ భాగం దేనికి సరిపోతుందో నేర్చుకున్నాను. సొంతంగా ఒకటి కూర్చుకుంటానని వెంటపడితే నాన్న చాన్నాళ్లు నసిగి చివరికి ఒప్పుకున్నారు గానీ, కొనడానికి ఒకే ఒక్కసారి వస్తాననీ, తెచ్చినదాంట్లో నేను చెప్పిన కార్ల ఆట నడవకపోతే ఇంట్లో ఇక కంప్యూటర్ మాట ఎత్తకూడదనీ షరతు పెట్టారు. మా నాన్న మాటంటే మాటే.

పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి విజయనగరంలో దిగి కంప్యూటర్ భాగాలమ్మే కొట్టుకు చేరేసరికి షావుకారు అప్పుడే షట్టరెత్తి దేవుడి పటానికి అగరొత్తి వెలిగిస్తున్నాడు. ఆ రోజుకి మొదటి బేరం మాదేనని చూడగానే తెలిసిపోయింది. ప్రాసెసరు, మెమరీ, గ్రాఫిక్స్ కార్డు అన్నీ ఉన్నాయి, ఆ కార్డు గుచ్చడానికి గాడి ఉన్న మదర్‌బోర్డు ఒక్కటే లేదు. షావుకారు ఇంకో రకం బోర్డు తీసి, కళ్లకద్దుకుని బల్ల మీద పెట్టి, “దీన్లోనే గ్రాఫిక్స్ ఉన్నాదమ్మా, మళ్లీ వేరే కార్డెందుకు, దండగ” అన్నాడు. ఉంది, నిజమే. ఉత్తరాలు టైపు చేసుకోవడానికీ పేకాట ఆడుకోవడానికీ సరిపోయేంత ఉంది. కార్ల పందెం మాత్రం దాని మీద కదలదు, పోనీ కార్డు పెడదామంటే గాడే లేదు.

నాన్న చెవిలో వద్దన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. “పొద్దున్నే బోణీ బేరం కాదంటే ఆయన మనసు ఏటైపోద్దే? మారుమాటాడకుండా తీసుకో” అన్నారు గొంతు తగ్గించి. మా కొట్లో మొదట వచ్చినవాళ్లు ఏమీ కొనకుండా మెట్లు దిగిపోతే నాన్నకు ఆ మధ్యాహ్నం అన్నం సహించేది కాదు, ఆ దిగులు ఎరిగిన మనిషి దాన్ని ఇంకో షావుకారికి ఎలా పెడతారు? షావుకారు మాట తీసేస్తే నాన్న తలదించుకోవాలి, తీసేయకపోతే ఆ బోర్డుతో ఇంటికెళ్లి నేను షరతు ఓడిపోవాలి. నాన్న చెయ్యి అప్పటికే జేబులోకి వెళ్తోంది. బజార్లో, పరాయి మనిషి ఎదుట, నాన్నకు ఎదురు చెప్పడం మా ఇంట్లో అంతవరకు లేదు.

అప్పుడు గోడవారన పేర్చిన ఖాళీ కేబినెట్లు కనిపించాయి. భాగాలన్నీ బిగించే ఇనప పెట్టె అది, మిగతావాటిలా బోర్డును బట్టి మారదు, ఏ బోర్డు కొన్నా అందులో పడుతుంది. “నాన్నా, బోణీకి ఆ పెట్టె తీసుకుందాం. ఈ బోర్డు వద్దు, దీంతో నా ఆట నడవదు” అని పైకే అనేశాను. నాన్న నా వైపు చూడలేదు. చివరికి షావుకారే లేచి, పైనున్న కేబినెట్ దించి దుమ్ము తుడిచి, “అలాగే కానీమ్మా, బోణీ అయితే సాలు” అని నవ్వాడు.

గాడి ఉన్న బోర్డుతో సహా మిగతావన్నీ పక్క వీధిలో దొరికాయి గానీ నాకు సంతోషం లేదు. తిరుగు రైల్లో నాన్న కేబినెట్ ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ ఒక్క ముక్క మాట్లాడలేదు. ఇక ఎప్పటికీ మాట్లాడరేమో అనిపించి నాకు ఏడుపొచ్చేస్తోంది. గరివిడి దాటాక, “షావుకారు ముఖం సూసినావా? నవ్వినాడు. ఏటనుకుంటాడో అనీసి నేను బెంగెట్టుకున్నాను” అన్నారు. ఆయన మౌనం కోపం కాదని అప్పుడు తెలిసింది. ఇంటికొచ్చి అన్నీ బిగించి మీట నొక్కితే తెర వెలిగింది, కారు కదిలింది, వెనక కుర్చీలో నాన్న కూర్చున్నారు.

ఇప్పుడు నాన్న లేరు. మా అమ్మాయికి వద్దనడానికి గొంతు పెగలాల్సిన పని లేదు, బొటనవేలితో ఒక నొక్కు చాలు, ఎదుట ఎవరి ముఖమూ ఉండదు. అది హాయే, కాదనను. కానీ నేను వద్దన్నాక కూడా ఎదుటి మనిషి నవ్వడం ఆ పొద్దున చూశాను, దాన్ని చూసి మా నాన్న తేలికపడడమూ చూశాను. అవి చూడకుండానే నా కూతురు పెద్దదైపోతుందేమోనని నా దిగులు.