అమ్మ వేసుకున్న గడువు తేదీ

ఈస్టర్‌కు ముందు నలభై శ్రమల దినాల్లో మా అమ్మ పొద్దంతా ఉపవాసం ఉండి, సాయంత్రం ప్రార్థన అయ్యాకే తినేది. ఏటా ఆ పూట అన్నం రెండోసారి పెట్టించుకునేది. రెండేళ్ల కిందట ఓ సాయంత్రం నాలుగు ముద్దలు తిని కంచం పక్కకు జరిపింది.

"ఆకలైతలేదు బిడ్డా."

"పొద్దంత కడుపు మాడ్చుకుంటే గట్లనే ఉంటది," అన్నాను.

అమ్మ మొయినాబాద్‌లో ఒక బడిలో లైబ్రేరియన్. పుస్తకం మీద గడువు తేదీ ముద్ర వేసిందంటే, పిల్లలు ఎంత బతిమిలాడినా ఒక్క రోజు పెంచేది కాదు. ఆమె కూతురిని నేను, చేవెళ్లలో నాన్న వదిలిపోయిన బట్టల దుకాణం నడుపుతున్నాను. బేరం చేయకుండా మొదట చెప్పిన మాటకు ఒప్పుకుంటే మా దుకాణాల వాళ్లలో పరువు తక్కువ.

అమ్మ జాకెట్లు వదులయ్యాయి. ఉపవాసాల్లో ఏటా కొంత తగ్గేదే కదా అని, పక్క టైలర్‌తో రెండుసార్లు కుట్లు వేయించాను. చిక్కిపోతున్న మనిషికి కొలతలు సరిచేయించిన తెలివి నాది.

కళ్లు తిరుగుతున్నాయంటే చేవెళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన రక్తపరీక్ష చేయించి రిపోర్ట్ చూశాడు. "హిమోగ్లోబిన్ తక్కువున్నది, వెయిట్ లాస్ ఉన్నది. ఈ వారంలనే ఎండోస్కోపీ చేయించున్రి."

"ఈస్టర్ అయినంక చేయిస్తం సార్. అప్పటిదాంక గోలీలు రాయున్రి," అన్నాను నేను.

"నేను చీర అమ్ముతలేనమ్మా," అన్నాడాయన, చీటీ అమ్మ చేతికిస్తూ.

అంతటితో ఊరుకోలేదు. గండిపేటలో ఇంకో డాక్టర్‌ను పట్టుకున్నాను. ఉపవాసం సంగతి చెప్పాను, రిపోర్ట్ మాత్రం సంచీలోంచి తీయలేదు. ఆయన కడుపులో మంట, గ్యాస్ట్రైటిస్ అని గోలీలు రాశాడు. బేరం కుదిరింది. అమ్మ ఆ గోలీలే వేసుకుంది.

ఈస్టర్ నాడు చర్చి నుంచి వచ్చి, తిన్న కాసేపటికే నల్లగా వాంతి చేసుకుంది. ఎండోస్కోపీ, బయాప్సీ, సీటీ స్కాన్ వారంలో అయిపోయాయి. స్టమక్ క్యాన్సర్. లివర్‌కు స్ప్రెడ్ అయింది, సర్జరీ కుదరదన్నారు.

"నెల ముందు వస్తే?" అని అడిగాను.

"ఇప్పుడు చెప్పలేమమ్మా," అన్నాడు ఆంకాలజిస్ట్. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. అప్పటి నుంచి ఆ మాటే నన్ను తింటోంది.

కీమో మూడు సైకిళ్లు ఇచ్చారు. రక్తంలో కౌంట్స్ పడిపోయి నాలుగోది ఆపేశారు. అమ్మ బతికితే నలభై దినాలు నేనూ ఉపవాసం ఉంటానని మొక్కుకుంటే అమ్మ నవ్వింది.

"ప్రభువు తోటి గూడ బేరమేనా? ఆయన నీ గిరాకి కాదే."

వానాకాలం దాటకముందే పోయింది. సమాధి దగ్గర పాస్టర్ గారు, "ఒంట్లో బాగలేకున్నా తల్లి ఉపవాసం విడువలేదు," అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను గుప్పెడు మట్టి వేశాను.

తర్వాత అమ్మ బైబిల్‌లో చేవెళ్ల డాక్టర్ చీటీ దొరికింది. దాని మీద లైబ్రరీ ముద్రతో ఒక తేదీ వేసుకుంది. ఆయన చెప్పిన వారంలో ఆఖరి రోజు. పిల్లలెవరికీ గడువు పెంచని మనిషి, నేను పెంచితే ఊరుకుంది.

ఇప్పుడు దుకాణంలోనే ఉంటున్నాను. బేరాలు మానలేదు, మానితే తిండి లేదు. శ్రమల దినాల్లో చర్చి ఆడవాళ్లు తెల్లచీరలకు వస్తే మాత్రం, ధర చెప్పకముందే ఒకటి అడుగుతాను: "అక్కా, పొద్దుమూకంగ ఆకలైతున్నదా?"

మీరూ ఇంట్లో అడగండి. ఉపవాసం ఉన్న మనిషికి సాయంత్రం ఆకలి వేయాలి. వేయకపోతే ఆ వారమే డాక్టర్‌కు చూపించండి. రిపోర్ట్ సంచీలో దాచకండి.