పన్నెండు టర్కీలు

వచ్చే వారం నా కుడికంటికి శుక్లాల ఆపరేషన్. ఆసుపత్రి సంచిలో పెట్టడానికి మా అమ్మాయి కొత్త టర్కీ తువ్వాలు కొనితెచ్చింది. కవరు చించి ముఖానికి ఆనించుకున్నాను. ఇంకా నీళ్లు తగలని నూలు వాసన. అంతే, నాలో నేనే నవ్వుకోవడం మొదలుపెట్టాను. "ఏమైంది నాన్నా?" అని అమ్మాయి కంగారుపడింది. ఆపరేషన్ భయంతో మతి చెడిందనుకుందేమో. భయం ఉన్న మాట నిజమే. ఆ నవ్వు మాత్రం అప్పలనరసమ్మగారి వల్ల వచ్చింది.

వన్ టౌన్‌లో, పోర్టుకు దగ్గరి సందులో ఆవిడకు కొట్టు ఉండేది. రేవుకు వచ్చే ఓడలకు కూరగాయలు, చేపలు, బియ్యం, సబ్బులు అందించే కొట్టు. ఆనందపురం వైపు రైతు కుటుంబం వాళ్లది. తలమీద వంకాయల గంపతో మొదలుపెట్టి అక్కడిదాకా వచ్చారు. చదువు లేదు. నేను గోదావరి జిల్లా నుంచి పని వెతుక్కుంటూ వచ్చి, ఆవిడ దగ్గర జాబితాలూ ఉత్తరాలూ రాసే గుమాస్తాగా చేరాను. రోజూ డైరీ రాసే అలవాటు, ప్రతి కాగితానికీ నకలు ఉంచుకునే అలవాటు, ప్రతిదానికీ భయపడే అలవాటు, మూడూ నాతోపాటే రైలు దిగాయి. ఆవిడ నన్ను ఎప్పుడూ పేరుతో పిలవలేదు. "గోదారీ" అనేవారు.

ఈ ఊళ్లో ఎవరికైనా భయమేస్తే పక్కవాళ్లు "ఏటైపోద్దిలే" అంటారు. ఏమీ కాదులే, ఊరుకో అని. నరసమ్మగారు ఆ చివరి 'లే' అనేవారు కాదు. "ఏటైపోద్ది?" అని అడిగి, జవాబు కోసం ఆగేవారు. చేతిలో పని పక్కన పెట్టి, మొహంలోకి చూస్తూ, నిజంగానే ఆగేవారు. జవాబు చెప్పాక రెండో ప్రశ్న వచ్చేది: "అప్పుడేటి సేత్తావ్?" మొదట్లో నాకు ఆ రెండు ప్రశ్నలంటేనే భయంగా ఉండేది.

అప్పటిదాకా మేము పెద్ద వ్యాపారుల గోదాములకు వెనక గుమ్మంలోంచి సరుకు వేసి వచ్చేవాళ్లం. వాళ్లు ఓడలకు పంపుకునేవారు. ఒక ఓడ నేరుగా మమ్మల్నే పిలవడం అదే మొదలు. ఇది నిలబెట్టుకుంటే కొట్టు నిలబడినట్టే. ఓడ వంటాయన ఫోనులో ఇంగ్లీషులో జాబితా చదివాడు. సబ్బులు, దుప్పట్లు అయ్యాక "టర్కీ, పన్నెండు" అన్నాడు. ఎలాంటివి కావాలని పద్ధతిగా అడిగాను. "పెద్దవి. మెత్తగా ఉండాలి" అన్నాడు. మా ఇళ్లలో టర్కీ అంటే తువ్వాలే. బజారంతా తిరిగి పెద్దవి, మెత్తటివి, పన్నెండు రంగుల్లో ఏరి పంపించాను. ఆ రోజు డైరీలో 'పని సంతృప్తికరం' అని కూడా రాశాను.

మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది. ఆ సాయంత్రం ఓడలో కెప్టెన్ పుట్టినరోజు విందు. "వీటిని నేను పొయ్యిలో పెట్టి కాల్చాలా?" అని వంటాయన అరుస్తున్నాడు. టర్కీ అని కోడిలాంటి పెద్ద పక్షి ఒకటుందనీ, దాన్ని వండుకు తింటారనీ నాకు తెలిసింది అప్పుడే.

ఉల్లిపాయల బస్తాల వెనక కూర్చుని రాజీనామా రాయడం మొదలుపెట్టాను. నరసమ్మగారు వచ్చి తొంగిచూశారు.

"ఉజ్జోగం మానేయడానిక్కూడా కార్బన్ పేపరేటి, గోదారీ?"

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఎదురు బస్తా మీద కూర్చున్నారు. "సెప్పు. ఏటైపోద్ది?"

"కెప్టెన్ అరుస్తాడండి."

"అరిత్తే?"

"వినాలండి."

"ఇందాం. ఇంకేటైపోద్ది?"

"ఆర్డరు పోద్దండి. ఇంక ఏ ఓడా మనల్ని పిలవదండి."

అది నిజంగా జరగగలిగేదేనని ఆవిడకూ తెలుసు. "అప్పుడు మళ్లీ ఎనక గుమ్మమే. నిన్నటిదాకా ఆడే కదేటి బతికినాం. ఇంకా?"

"నన్ను తీసేస్తారండి."

"తీసేది నాను కదేటి! నన్నడక్కుండా నిన్ను నువ్వే తీసేసుకుంతన్నావా?"

ఊళ్లో ఆ పక్షి ఎక్కడా దొరక్క, మధ్యాహ్నానికల్లా పన్నెండు నాటుకోళ్లు కొని, శుభ్రం చేయించి, గంపలకెత్తి రేవుకు చేరాం. ఓడ మెట్లు కాళ్ల కింద ఊగుతున్నాయి. అడుగున నల్లటి నీళ్లు. నా ముందు ఎక్కుతున్న నరసమ్మగారి గాజులు గలగలమంటున్నాయి. తాడు రెండు చేతులా పట్టుకుని, కిందికి చూడకుండా ఒక్కో మెట్టే ఎక్కుతున్నారు.

"మీకూ భయమేనాండి?"

"భయమే. అది పోయినాక ఎక్కుదాం అనుకుంటే ఓడెలిపోద్ది. నడు." రెండు మెట్లెక్కి మళ్లీ వెనక్కి తిరిగారు. "తప్పు మాదని ముందు సెప్పు. ఎందుకైందో ఎనకాల సెప్పొచ్చు."

అలాగే చెప్పాను. కెప్టెన్ అప్పుడే స్నానం చేసి వచ్చినట్టున్నాడు, మెడ చుట్టూ మేము పంపిన ఆకుపచ్చ టర్కీ ఉంది. గంపల్లో కోళ్లను చూశాడు, నన్ను చూశాడు, తువ్వాలు కొస పట్టుకుని చూసుకున్నాడు. "ఆ పక్షి సంగతేమో గానీ, ఇది మాత్రం మెత్తగా ఉంది" అని పడీపడీ నవ్వాడు. నేను తెలుగులో చెబితే నరసమ్మగారు కొంగు అడ్డుపెట్టుకుని ఆయనకంటే ఎక్కువ నవ్వారు. ఆ ఓడ మళ్లీ రేవుకొచ్చినప్పుడు జాబితా మొదట్లోనే ఉంది: 'తుడుచుకునే టర్కీలు, పన్నెండు.'

చాలా ఏళ్లకు, మోకాళ్లు సహకరించక ఆవిడ కొట్టు నా చేతుల్లో పెడతానన్నారు. వారం గడువడిగాను. డైరీలో రెండు పేజీల నిండా రాశాను: ఏటైపోద్ది, అప్పుడేటి సేత్తాను. వెళ్లి చదివి వినిపించాను. ఆవిడ ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ, ఒక్కటీ వదలకుండా విన్నారు. ప్రతి భయానికీ నా దగ్గర జవాబుంది. మెచ్చుకుంటారనుకున్నాను.

"అన్నీ సెడిపోయేవే రాసినావేటి, గోదారీ? బాగా నడిత్తే? అప్పుడేటి సేత్తావ్?"

ఆ సంగతి నాకు ఎన్నడూ తోచనే లేదు. ఆవిడ పప్పులు నా చేతిలో పోసి, "అదీ రాసుకో" అన్నారు.

కొట్టు బాగానే నడిచింది. ఇరవై మూడేళ్లు నడిపి, నేనూ తప్పుకున్నాను. నరసమ్మగారు ఇప్పుడు లేరు.

నిన్న సాయంత్రం డైరీ తీశాను. కన్ను సరిగా ఆనదు కాబట్టి అక్షరాలు పెద్దవిగా రాశాను. చూపు రాకపోతే ఏటైపోద్ది? అమ్మాయి పేపరు చదివి పెడుతుంది. నొప్పెడితే? డాక్టరును పిలవాలి. అలా అయిదు. ఆరోది, చూపు బాగా వస్తే? ఈసారి ఆలోచించాల్సిన పని లేకపోయింది. బీచ్ రోడ్డులో నిలబడి, రేవులోకి వచ్చే ఓడల పేర్లు చదవాలి, బిగ్గరగా.