వెనక నుంచి చదివే పంతులు

చోడవరంలో మా ప్రెస్సులో ప్రూఫులు దిద్దే కామేశం పంతులుగారికి ఒక తిక్క అలవాటుండేది. ఏ కాగితాన్నైనా చివరి మాట నుంచి మొదటి మాటకు చదివేవారు. అర్థం వెంట పడితే కన్ను అక్షరాన్ని వదిలేస్తుందట! శుభలేఖ కానీ, కరపత్రం కానీ, ఒక్క ఒత్తు తప్పిపోనిచ్చేవారు కాదు. ఇరవయ్యేళ్లుగా తన చేతి మీదుగా తప్పు బయటికి పోలేదని ఆయనకి మహా గర్వం. అక్షరాలు పేర్చే నా ప్రాణం మాత్రం తోడేసేవారు. "ఒరే పరదేశీ, ఈ దీర్ఘం ఎవడు మింగేశాడ్రా?" అని బజారంతా వినబడేలా అరిచేవారు. నాకు ఒళ్లు మండిపోయేది.

యాభై ఏడులో మా వైపు చెరకు గానుగలకు డీజిల్ ఇంజన్లు కొత్తగా వస్తున్నాయి. ఇంజను ఎలా నడపాలో చెప్పే చిన్న పుస్తకం ఒకటి డీలరు మాచేత తెలుగులో వేయించాడు. పంతులుగారు నాలుగుసార్లు దిద్దారు. ఐదోసారి కూడా ఒకదాని కింద ఒకటున్న రెండు వరసల్లో తప్పులు పట్టి కాగితం నా మొహాన కొట్టారు. విసుక్కుంటూ ఆ రెండు వరసలూ ఊడదీసి, అక్షరాలు మార్చి, మళ్లీ బిగించాను. ఆయన కింద నుంచి పైకి చదివి సంతకం పెట్టేశారు.

మొదటి పుస్తకం సత్యారావు పట్టుకెళ్లాడు. కె.కోటపాడు దారిలో అతనిది పెద్ద చెరకు తోట. మర్నాడు తొమ్మిదింటికే అతని కొత్త ఇంజనుకు ముహూర్తం.

ముహూర్తం రోజు పొద్దున్నే మిగతా పుస్తకాలు కుడుతూ ఊరికే ఒకటి చదివాను. అనుమానం వచ్చి డీలరిచ్చిన చేతిరాత కాగితం తీశాను. ముందు పైనున్న మీట ఎత్తాలి, తరవాతే హేండిల్ తిప్పాలి. మీట ఎత్తకుండా తిప్పితే హేండిల్ వెనక్కి తన్ని చెయ్యి విరగ్గొడుతుంది. మా పుస్తకంలో ముందు తిప్పమనుంది! బిగించేటప్పుడు పై వరస కిందా, కింది వరస పైనా పెట్టేశాను.

పరుగున వెళ్లి చూపిస్తే, "నేను చూసినదాంట్లో తప్పేవిట్రా?" అన్నారు పంతులుగారు.

"ముందు నుంచి సదవండి బాబూ!" అని అరిచాను. ఆయన మీద నేను అరవడం అదే మొదలు.

చదివారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "అక్కడ మెకానిక్కు ఉంటాడు కదా?"

"ఉండడండి. జొరమొచ్చిందట. పుస్తకం సూసి ఆళ్లే తిప్పుకుంటారట. నిన్న సత్యారావే సెప్పేడు."

సైకిలు వెనక ఆయన్ని ఎక్కించుకుని తొక్కాను. నాలుగు మైళ్లు. దారి పొడుగునా చెరకు బళ్లే, ఒక్కడూ పక్కకి జరగడే! చివరి ఫర్లాంగు పంతులుగారు దూకేసి, పంచె ఎగ్గట్టి పరిగెత్తారు.

మేం వెళ్లేసరికి కొబ్బరికాయ కొట్టేశారు. పాలేరు దాసు హేండిల్ రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. సత్యారావు పుస్తకం చూసి చెబుతున్నాడు.

"ఆగండి! ముందు మీట ఎత్తాలి!" అని కేకేశారు పంతులుగారు.

"ఏటి పంతులుగారూ, ముహూర్తం దాటిపోతంది," అన్నాడు సత్యారావు. "ముందు తిప్పమనే ఉంది, సూడండి. అచ్చేసింది అబద్ధమవుద్దేటి? తిప్పరా దాసూ!"

దాసు భుజాలు బిగించాడు. వరసలు మార్చింది నేనని చెప్పాలి. సైకిలు చాటుకి జరిగాను. నా అంత పిరికివెధవ ఇంకొకడుండడు. పంతులుగారే వెళ్లి దాసు చేతుల మీద తన చేతులు వేశారు.

"పుస్తకంలోదే తప్పు నాయనా. మీట ఎత్తకుండా తిప్పితే నీ చెయ్యి విరుగుతుంది. దిద్దింది నేనే. అక్షరాలు చూశాను గానీ, ఏం రాసుందో చదవలేదు."

దాసు హేండిల్ వదిలేశాడు. తన రెండు చేతులూ ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

"మాకైతే సదువు రాదు బాబూ. మీరేటి, సదవకపోడం?"

కోపంగా కూడా అనలేదు వాడు.