గుర్తు మనిషి

పరుపుల షాపాయనకు ముందు నిలబడటం ఒక జబ్బు. పెళ్ళికి వెళితే పెళ్ళికొడుకుకంటే ముందు ఫొటోలోకి దూరతాడు. ఆసుపత్రిలో కూర్చోమంటే డాక్టరు గది తలుపుకు ముక్కు ఆనించి నిలబడతాడు. షాపులో మాత్రం ఈ హుషారు మచ్చుకైనా కనపడదు. మధ్యాహ్నం పూట గిరాకీకి చూపించాల్సిన స్ప్రింగు పరుపు మీద తనే వెల్లకిలా పడుకుని, ఎవరైనా వస్తే “నాణ్యత చూస్తున్నానండీ” అంటాడు. గలీబులు కుట్టేదీ, దూది దులిపేదీ, స్కూటరుకు దిండ్లు కట్టుకుని ఇంటింటికీ చేరవేసేదీ ఆయన భార్య.

ఆయనకో పెద్ద మోటారు సైకిలుంది. ఆదివారం కడుగుతాడు, తుడుస్తాడు, వీధి చివరిదాకా వెళ్ళొచ్చి మళ్ళీ తుడుస్తాడు. అలాంటి మనిషికి, బావమరిది పెళ్ళాన్ని వెంటబెట్టుకుని పరాయి దేశంలో బండ్ల మీద కొండలన్నీ చుట్టి వచ్చాడని తెలిస్తే ముద్ద దిగుతుందా? చెయ్యి కడిగేసుకుని లేచాడు.

“మనమూ వెళ్తున్నాం,” అన్నాడు.

“వెళ్దాం. కానీ నాకూ ఓ బండి ఇప్పించండి,” అంది భార్య. “మీ వీపు చూడ్డానికి అంత దూరం దేనికి? ఇంట్లో చూస్తూనే ఉన్నాగా.”

“కొండ రోడ్లే అవి! నువ్వు దిండ్లేసుకు తిరిగే సందులనుకున్నావా?”

“సందుల్లోనే లారీలూ కుక్కలూ ఎదురొస్తాయి. కొండ మీద ఎవరొస్తారంట?”

చాలా రోజులు నలిగింది ఆ మాట. ఆవిడ బెట్టు సడలించలేదు. చివరికి పెద్ద ఉపకారం చేస్తున్నవాడిలా ఒప్పుకుని, దానికో మెలిక పెట్టాడు. “ఒక్కచోట తడబడ్డావా, అక్కడికక్కడ తాళంచెవి ఇచ్చేసి నా వెనక ఎక్కాలి. మాటేనా?”

“మాటే,” అంది. అనడమైతే అంది గానీ, విమానం ఎక్కిందగ్గర్నుంచీ ఆ మాట ఆవిడ గుండెల మీదే కూర్చుంది. తన చేతులతో తను నడుపుకుంటూ ఆ కొండ దాటాలి. ఆవిడకు కావలసింది అదొక్కటే. ఫొటోలూ వద్దు, బజారూ వద్దు.

అక్కడ వీళ్ళను నడిపించే కుర్రాడు మన భాషవాడే. ఎప్పుడో వెళ్ళి స్థిరపడ్డాడు. మొదటి సాయంత్రం హోటల్లో టూరుకొచ్చిన అందరినీ, ఓ పళ్ళ డాక్టరు దంపతులతో సహా, కూర్చోబెట్టి పద్ధతి చెప్పాడు.

“ముందు నేనుంటాను. మలుపొచ్చిన చోట ఇలా చెయ్యి చూపిస్తాను. నా వెనకున్న రెండో బండి అక్కడే ఆగిపోయి, వచ్చేవాళ్ళందరికీ దారి చూపించాలి. ఆ మనిషిని గుర్తు మనిషి అంటాం. చిట్టచివర పసుపు కోటు వేసుకుని మా తమ్ముడొస్తాడు, అందరూ వాణ్ణి తోక అంటారు. వాడి వెనకే సామాన్ల వ్యాను. తోక వచ్చేదాకా గుర్తు మనిషి కదలకూడదు. కొంప మునిగినా కదలకూడదు.”

పరుపులాయన చెవిలో పడినవి రెండే ముక్కలు, ‘రెండో బండి’, ‘గుర్తు’. మిగతాసేపు ఏ కిటికీ దగ్గర నిలబడితే మొహం బాగా పడుతుందో చూసుకుంటున్నాడు. “రెండో బండి నాదే!” అని చెయ్యెత్తాడు. గదిలోకి రాగానే బావమరిదికి ఫోను.

“ఏం బావా, మీ టూర్లో నీకేమన్నా హోదా ఇచ్చారా? ఇక్కడ చూడగానే నన్ను గుర్తు మనిషిని చేశారయ్యా. అంటే గుర్తింపున్న మనిషన్నమాట.”

“అంటే దారి చూపించే బోర్డండీ,” అంది భార్య, బూట్లకు లేసులు ఎక్కిస్తూ.

“నీకు తెలీదు, ఊరుకో.”

తెల్లారి బయల్దేరారు. మొదటి మలుపులోనే గైడు చెయ్యి చూపించాడు. పరుపులాయన ఛాతీ విరుచుకుని ఆగాడు. ఒక బండి పోయింది, రెండు పోయాయి. పళ్ళ డాక్టరు హారన్ కొట్టి మరీ పోయాడు, వెనక సీట్లోంచి ఆయన భార్య చెయ్యూపింది. సొంత భార్య కూడా, రెండు చేతులూ హాండిల్ మీద బిగించి, చూపు పక్కకు తిప్పకుండా దాటిపోయింది. తోక వచ్చేసరికి ఈయన అందరికంటే వెనకపడ్డాడు. ఆ అవమానం ఎలా భరిస్తాడు? వంపుల్లో అందరినీ తోసుకుంటూ మళ్ళీ రెండో చోటుకు చేరాడు. మళ్ళీ మలుపొచ్చింది. మళ్ళీ దింపేశారు. పొద్దున్నంతా ఇదే తంతు. ఎగబడి ముందుకు రావడం, రోడ్డు పక్కన నిలబడటం. ఎందుకిలా అవుతోందో ఆయనకు ఒక్కసారీ తట్టలేదంటే, ఆ బుర్రలో ఏ దూది కూరారో మరి.

కొండ సగానికి వచ్చాక మంచు పట్టింది. దారి రెండుగా చీలింది. ఒకటి సన్నగా పైకి, ఒకటి వెడల్పుగా రాళ్ళ క్వారీలోకి. ఆ చీలిక దగ్గర నిలబెట్టారు ఈయన్ని. నాలుగు బండ్లు పోయేదాకా ఓర్చుకున్నాడు. అయిదోది రాకముందే “ఇంకెంతసేపు!” అని కిక్కు కొట్టి పైకి పోయాడు.

అయిదో బండి ఆయన భార్యదే. వచ్చి చూస్తే చీలిక దగ్గర మనిషి లేడు. వెనకే పళ్ళ డాక్టరు దంపతులు.

“ఆగకమ్మా, కిందికే పోనీ! రోడ్డు అదే పెద్దదిగా ఉంది,” అని అరిచాడు డాక్టరు.

ఆగితే తడబడిందంటాడు మొగుడు. ఆగకపోతే ఎక్కడ తేలుతుందో తెలీదు. ఆవిడ బ్రేకు వేసింది. కాలు కంకర మీద జారింది, బండి మెల్లగా పక్కకు ఒరిగి పడుకుంది. అద్దం పగిలింది. మనిషికేమీ కాలేదు గానీ, ప్రాణం చివుక్కుమంది. ఇంకేముంది, తాళంచెవి పోయినట్టే అనుకుంది.

డాక్టరు బండి లేపి నిలబెట్టి, “పద పద,” అన్నాడు.

“ఎక్కడికండీ? ఇక్కడ ఒక మనిషి ఉండాలి. లేడు. లేడు కాబట్టి నేనుంటాను. మీరూ ఆగండి,” అని రెండు చేతులూ చాపి రోడ్డుకు అడ్డంగా నిలబడింది. తర్వాత వచ్చినవాళ్ళూ ఆగారు. పసుపు కోటు కనపడేదాకా చేతులు దించలేదు.

“అక్కా, మంచిపని చేశావు,” అన్నాడు తోక. “ఆ క్వారీ దారి కోసుకుపోయి చాన్నాళ్ళయింది. పైకి పదండి.”

పైన టీ కొట్టు ముందు పరుపులాయన నడుం మీద చేతులేసుకుని కాచుకున్నాడు. పెళ్ళాన్ని చూడకముందే పగిలిన అద్దాన్ని చూశాడు.

“పడేశావా! నే చెప్పానా? తే, తాళంచెవి తే!”

“అన్నగారూ,” అన్నాడు గైడు, “మీరు చీలిక దగ్గర ఎందుకు లేరు?”

“ఎంతసేపని నిలబడాలయ్యా? ఒక్కొక్కడూ చెయ్యూపుకుంటూ పోతుంటే! నేనేమన్నా బట్టలకొట్టు ముందు బొమ్మనా?”

“అవునన్నా. మీ పని అదే.”

పళ్ళ డాక్టరుకు టీ పొలమారింది.

గైడు నవ్వలేదు. “అక్క ఆపకపోతే నలుగురు క్వారీలో పడేవాళ్ళు. మీ బండి తాళంచెవి తోకకివ్వండి, దాన్ని వ్యాన్లోకి ఎక్కిస్తాడు. ఇక్కణ్ణుంచి మీరు సామాన్ల వ్యాన్లో రండి.”

పరుపులాయన మొహం గాలి తీసిన ట్యూబైంది. అందరి మీదా కోపం చేసుకోలేక భార్య వైపు తిరిగాడు. “చూస్తావేం? నా తరఫున ఓ మాట చెప్పవే! అసలు నీ తాళంచెవి సంగతేంటి? మాటిచ్చావా లేదా?”

“ఇచ్చాను,” అంది ఆవిడ. “తడబడితే తాళం ఇచ్చేసి మీ వెనక ఎక్కుతానన్నాను. బండి పడిన మాట నిజమే. ఎక్కుతాను. మీకు బండేదీ?”

ఈసారి టీ కొట్టు ఆవిడ కూడా నవ్వింది. భాష తెలియకపోయినా మొగుడి మొహం ఎక్కడైనా ఒకటే కదా.

ఆవిడ హెల్మెట్ పెట్టుకుని, తాళంచెవిని తన బండికే పెట్టి తిప్పింది. పరుపులాయన వ్యాన్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, మొహం బయటికి పెట్టడానికి ముందు సీటు కిటికీ అద్దం దిగుతుందా లేదా అని డ్రైవర్ను సైగలతో అడుగుతున్నాడు.