తరుగు తీయని లెక్క

హిందూపురంలో మా చింతపండు మండీలో లెక్కలు నేర్పింది నాయన అరచేయి. రైతు బస్తా విప్పి కుప్ప పోయగానే నా వైపు తిరిగేవాడు.

"గింజ నూటికి ఎంత ఉండాదిరా?"

కంటిచూపుతోనే చెప్పాలి. కాగితం తీస్తే ఒక దెబ్బ, ఆలోచిస్తే ఇంకొకటి, తరుగు తీయకపోతే రెండు. తరుగంటే దుమ్మూ తేమా ఉన్నాయని ఎదుటివాడి సరుకులో నూటికి పది ముందే కోసేయడం. మన సరుకు జోలికి పోకూడదు. ఒకసారి తరుగు మరిచినందుకు పడిన దెబ్బతో నా ఎడమ చెవి ఇప్పటికీ సరిగా వినపడదు.

అందుకే అరవైల మొదట్లో ధర్మవరంలో గుమాస్తా ఉద్యోగాలకు పరీక్ష ఉందని తెలిసి చాటుగా దరఖాస్తు పెట్టాను. సంగతి బయటపడ్డ రోజు నాయన చింతపండు కొట్టే కొయ్య సుత్తి విసిరాడు. అది గోడకు తగిలి పెచ్చు లేచింది.

"పో! తప్పితే మాత్రం సచ్చేదాకా ఈడే చింతపండు కొట్టాల," అన్నాడు.

పరీక్ష రోజు రైలు పెనుకొండలో ఆగింది. దోసకాయలవాడు కిటికీ దగ్గరికొచ్చాడు.

"అణాకు మూడప్పా, లేత కాయలు."

"నాలుగియ్యి."

"గిట్టదు సామీ. బండి పోతాండాది, దుడ్లియ్యి."

అణా ఇచ్చి మూడు తీసుకున్నాను. అంతటితో ఊరుకుంటే నేను మా నాయన కొడుకునెట్లా అవుతాను? బండి కదలగానే చువ్వల్లోంచి చెయ్యి చాపి నాలుగోది లాగాను. వాడు కత్తి తిప్పి పిడితో నా వేళ్ళ మీద ఒక్కటిచ్చాడు. టక్కుమంది. కాయ పట్టాల మీద పడింది. ధర్మవరం చేరేసరికి చూపుడువేలు వంకాయలా ఉబ్బింది, గోరు కింద నెత్తురు.

అది నాలుగు జవాబుల్లో ఒకదానికి గుర్తు పెట్టే కొత్త రకం పరీక్ష. నాలుగు తాలూకాల వేరుశనగ దిగుబడిని నిలువు కడ్డీలుగా గీశారు. ఒక్కొక్కదాని వాటా నూటికి ఎంత? పక్కవాళ్ళు భాగహారాలు చేస్తున్నారు. నాకు పెన్సిలు పట్టుకోవడమే గండం. కళ్ళే దిక్కు.

మొత్తం రెండు వందల నలభై. మొదటి కడ్డీ డెబ్భై ఎనిమిది. రెండు వందల యాభైలో ఎనభై అనుకున్నాను. రెంటినీ పైకే జరిపాను కాబట్టి పెద్ద తేడా రాదు. నాలుగింతలు చేస్తే వెయ్యికి మూడు వందల ఇరవై. అంటే నూటికి ముప్పై రెండు. ఆ క్షణంలో చెవి చుర్రుమంది. తరుగు! మూడు కోసి, ఇరవై తొమ్మిదికి గుర్తు పెట్టాను. తక్కిన మూడూ అట్లాగే కోసి ఇరవై ఐదు, ఇరవై, పదహారు అన్నాను.

వ్యాపారి బుద్ధి ఊరుకోదు కదా, నాలుగూ కూడి చూశాను. తొంభై. నూటికి పది యాడ పోయిందబ్బా? ఎవరు మింగినారు? దొంగను వెతికితే నేనే దొరికాను. కాగితం మీది పంటకు దుమ్మేమిటి, తేమేమిటి!

గంట కొట్టారు. పిడికిట్లో పెన్సిలు పట్టుకుని పాత గుర్తుల్ని అడ్డంగా కొట్టేశాను. కాగితం మీద నెత్తురు పడింది. మూడు దిద్దాక కాపలా అయ్యవారు కాగితం లాగాడు. నేను వదల్లేదు. ఆయన స్కేలు అంచుతో అదే వేలి మీద కొట్టాడు. అరుస్తూనే నాలుగోది దిద్దాను.

ఉద్యోగం ఉత్తరం మండీకే వచ్చింది. నాయన దాన్ని చదివించుకుని, ఎట్లా చేశావని అడిగాడు. చెప్పాను.

"తరుగు తియ్యలేదా?" చెయ్యి లేచింది.

మొదటిసారి ఆ మణికట్టును గాల్లోనే పట్టుకున్నాను. వంకరగా అతుక్కున్న వేలొక్కటి మడవలేక నిటారుగా నిలబడింది. మిగిలిన నాలుగు వేళ్ళే చాలాయి. నాయన రెండుసార్లు గుంజి చూశాడు. నేను వదల్లేదు.