పసుపు బండ మీద సున్నపు గీత

ద్రాక్షతో వైన్ తయారుచేసే చోటుకు భవనం గీస్తున్నానని చెప్పగానే మా అమ్మ, "మన ఆర్మూర్ల వైన్స్ దుకాన్లు తక్కువైనయా?" అంది. అమ్మే చోటు కాదు, చేసే చోటు అని ఎంత చెప్పినా ఆమెకు పెద్ద తేడా కనబడలేదు. నాకు మాత్రం కాళ్ళు నేల మీద నిలవడం లేదు. హైదరాబాదులో ఏడేళ్ళు ఒకరి కింద మెట్లూ మరుగుదొడ్లూ గీసి గీసి విసిగిపోయి, సొంత ఊరికి తిరిగొచ్చాక చేతికొచ్చిన మొదటి పెద్ద పని అది.

పని ఇచ్చినాయన బాల్కొండ వైపు రైతు. చాలా ఏళ్ళు దుబాయిలో ఒక హోటల్ స్టోరులో పనిచేసి వచ్చి, పసుపు చేలో సగం తీసేసి ద్రాక్ష పెట్టాడు. మాటలు తక్కువ. గుట్ట కింద తన స్థలం చూపించి ఒక్కటే కోరాడు.

"మేడం, గుట్ట గుట్ట లెక్కనే ఉండాలె. మన బిల్డింగు ఎగేసుకొని కనబడొద్దు."

గుట్ట పాదం దగ్గర చాప పరిచినట్టు చదునైన బండ ఒకటి ఉంది. బూడిదరంగు రాయి. పగుళ్ళ వెంట, చిన్న చిన్న గుంతల్లో మాత్రం పచ్చగా పసుపు రంగు. అప్పుడు ఎండాకాలం చివరి రోజులు. అది రాతికి పట్టిన నాచు అనీ, ఎండకు అట్లా రంగు తిరిగిందనీ అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. నాకు తెలియంది ఏముంటుంది?

లోతుగా తవ్వే పని లేకుండా బండ మీదే భవనాన్ని నిలబెట్టాను. గోడలకు రాతి రంగు, కిటికీల అంచులకు ఆ పసుపు. రంగు అచ్చంగా కుదరాలని ఫోటోలు పట్టుకుపోయి పెయింట్ దుకాణం ఆయన్ని గంటసేపు సతాయించాను. బొమ్మలు చూపిస్తే యజమాని కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, చాలాసేపు చూసి, "మంచిగున్నది మేడం" అన్నాడు. ఆ గొంతులో ఏదో తక్కువైందని నాకు అప్పుడే అనిపించాల్సింది. నా గీతల మీద నాకున్న మోజులో అదేమీ వినబడలేదు.

ముగ్గు పోసే రోజు వచ్చింది. అంటే గోడలు ఎక్కడెక్కడ లేస్తాయో సున్నంతో నేల మీద గీతలు పోసే రోజు. గుట్ట మీది నుంచి గాలి జోరుగా వీస్తోంది. పొడి ఎగిరిపోకుండా మేస్త్రీ ముందు బండంతా నీళ్ళు చల్లించి, దారం కట్టించి, దాని వెంట సున్నం పోసుకుంటూ నడిచాడు. నాలుగడుగులు తెల్లగానే సాగింది. పగులు దాటే చోట గీత ఎర్రబడింది. తర్వాతి గుంత దగ్గర ఇంకా ఎర్రగా.

మేస్త్రీ డబ్బా కిందపెట్టి వెనక్కి జరిగాడు. "మేడం, దిష్టి నీళ్ళ లెక్క అయితున్నది. నాకు మంచిగ అనిపిస్తలేదు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "దిష్టి లేదు గిష్టి లేదు. సున్నంల ఏం కలిపినవ్?" అని ఆయన మీదికి లేచాను. లేచినదాన్ని అట్లాగే నోరు తెరుచుకుని ఆగిపోయాను. దిష్టి నీళ్ళు ఎర్రగా ఎందుకవుతాయి? పసుపులో సున్నం కలుపుతారు కనుక.

బండ మీద నీళ్ళు చల్లిన అవ్వ బిందె దించి నా దగ్గరికొచ్చింది. ఆ రోజు పనికి వచ్చిన కూలీల్లో అందరికంటే పెద్దది, ఆ ఊరి మనిషే.

"పరేషాన్ గాకు బిడ్డా. గది పసుపే. ఉడకబెట్టిన పసుపంత మా వాడకట్టోళ్ళం గీ బండ మీదనే ఆరబోస్తం."

"మరి ఇన్ని రోజులు చెప్పకపోతివి అవ్వా?"

"జాగ పటేలుది, కట్టుకునేటోడు ఆయన. సదువుకున్నోళ్ళు గీసిన్రు. మేమేం చెప్తం? ఇగ మన్నుల ఆరబోసుకోవాలె. మన్ను పట్టిన పసుపును మార్కెట్ల ఎవడు ముట్టడు."

నిష్ఠూరంగా అంటే తట్టుకునేదాన్నేమో. రేపు వాన పడుతుందని చెప్పినట్టు చెప్పింది. అది నాకు బాగా తగిలింది.

నేను ఆర్మూరులో పుట్టి పెరిగినదాన్ని. పసుపు మార్కెట్ పక్క నుంచి బడికి పోయి వస్తే తెల్ల యూనిఫాం సాయంత్రానికి పచ్చబడేది. అట్లాంటిదాన్ని పసుపును చూసి నాచు అనుకున్నాను. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. గుట్టలో కలిసిపోయే భవనమని గొప్పలు పోతూ, ఆ గుట్ట కింద బతికేవాళ్ళ కల్లాన్నే మింగేయబోయాను.

పని ఆపించి యజమానికి ఫోన్ చేశాను. ఆయన బండి మీద బయలుదేరాడు. ఈ పని పోయినట్టే అనుకున్నాను. రాగానే, తడబడకుండా ఉండాలని గబగబా చెప్పేశాను. "తప్పు నాది. గీ బండ మీద కట్టొద్దు. మొత్తం మల్ల గీస్త. వద్దంటే ఇంకొకరిని పెట్టుకోండ్రి."

ఆయన ఎర్రబడిన గీతను చూశాడు. తువ్వాలతో ముఖం తుడుచుకుని బండ మీదే చతికిలబడ్డాడు.

"బతికించిన్రు మేడం. మా అమ్మ గూడ గీడనే ఆరబోసేది. మీరేమో అంత ఖుషీగ గీసుకొస్తిరి. వద్దని ఎట్ల చెప్పాలె? నెల దినాల సంది ఇదే ఫికర్."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఒకరినొకరు నొప్పించొద్దని అంత మంచి బండను మర్యాదగా పూడ్చిపెట్టబోయాం. ఆ పూట అవ్వ ముంతలో తెచ్చిన మజ్జిగ ముగ్గురం తాగాం. అంత కమ్మటి మజ్జిగ నేను మళ్ళీ తాగలేదు.

బండ అంచు దాటితే నేల ఒక్కసారిగా కిందికి వాలుతుంది. అక్కడంతా మట్టే. ఈసారి భవనాన్ని ఆ వాలులోకి తవ్వి దూర్చాను. వైన్‌కు కావలసిన చల్లదనం మట్టిలోనే ఉంది. ముందే తట్టాల్సిన సంగతి, తట్టలేదు. గోడలకు గుట్ట రాయే వాడాం. పసుపు ఉడకబెట్టే పొగ వైన్‌కు పట్టకుండా గాలి కంతలను రెండో వైపు పెట్టాం. కప్పు మీద మట్టి పరిచి, రాతి పలకలు వేసి, బండ మట్టానికి తెచ్చి కలిపాం. బండ చాలకపోతే కప్పు మీద కూడా ఆరబోసుకోమన్నాడు యజమాని. అవ్వ పలక మీద కాలు ఆనించి చూసి, "వేడి జర తక్కువున్నది, రెండు దినాలు ఎక్కువ పడ్తది" అని వంక పెట్టింది. వంక పెట్టినందుకు నాకు ఎంత సంతోషమయిందో.

మరుసటి మాఘంలో, వైన్ తయారీకి అనుమతి ఇచ్చేముందు భవనం చూడడానికి ఒక అధికారి వచ్చాడు. నేనింకా ఆర్మూరు బస్టాండు దగ్గర ఆటో కోసం నిలబడి ఉండగానే ఆయన ఫోన్.

"మేడం, మీరు పంపిన లొకేషన్ల నిలబడ్డ. బిల్డింగు ఏడిది? ఎటు జూసినా పసుపే."

నేను నోరు తెరిచేలోపే ఫోన్లో అవ్వ గొంతు ఖంగుమంది. "ఓ సారూ! చెప్పులు ఇడువు. మా పసుపు తొక్కుతున్నవ్!"

నాకు నవ్వాగలేదు.

"మీరు బిల్డింగు మీదనే ఉన్నరు సార్," అన్నాను. "ముందుగాల చెప్పులు ఇడువుండ్రి."