మందుగది తాళంచెవి

నిన్న పొద్దున పక్కవాళ్ళ మిరపతోట మీద డ్రోను తిరిగింది. మందు కొట్టడానికి వీపున డబ్బా మోసే పని ఇప్పుడు తగ్గింది. గాలి ఇటు తిరిగేసరికి పెరట్లో ఆరేసిన బట్టలకు కూడా ఆ వాసన పట్టింది. ముక్కులో ఘాటు, నాలుక మీద చేదు. కిటికీలు మూసుకుని కూర్చున్నా సువార్తమ్మగారు గుర్తొస్తూనే ఉన్నారు. ఆవిడ పోయి రెండేళ్ళు. మీ నాన్న పుట్టింది ఆవిడ చేతుల మీదేనని మీరు వినే ఉంటారు. మిగతాది నేనెవరికీ చెప్పలేదు. పిల్లలూ, ఇవాళ మీకు చెబుతాను.

సువార్తమ్మగారు మా ఊరికి నర్సుగా వచ్చేనాటికి ఈ చుట్టుపక్కల ఆడమనిషి సైకిలెక్కడం ఎవరూ చూడలేదట. నల్లరేగడి బురదలో చక్రం కదలకపోతే సైకిలునే భుజాన వేసుకుని నడిచేవారు. నాకు నొప్పులు మొదలైన రోజు వాగు పొంగింది. ఆవిడేమో అవతలి ఒడ్డున ఉన్నారు. ట్రాక్టరు ట్యూబులో గాలి కొట్టించి, మందుల సంచి నెత్తిన కట్టుకుని, ఆ ట్యూబు పట్టుకుని ఈదుకుంటూ వచ్చారు. తడి చీరతోనే నా పక్కన కూర్చున్నారు. భయం వేయలేదా అని తర్వాత అడిగాను.

"వెయ్యకేం అమ్మాయ్. నీళ్ళు నోట్లోకి పోతుంటే భయపడే తీరికేదీ?" అన్నారు.

అప్పటినుంచి ఇంట్లో పని అవగానే ఆవిడ వెనక తిరగడం నాకు అలవాటైంది. మా అత్తగారికి అది గిట్టేది కాదు. కానీ మనవడిని బతికించిన మనిషి కదా, పైకి ఏమీ అనేవారు కాదు.

ఆవిడ రిటైరయ్యాక పత్తికి చెడ్డరోజులు వచ్చాయి. పచ్చపురుగు ఏ మందుకూ లొంగలేదు. పురుగు చావలేదు కానీ మనుషులు ఆ మందే తాగారు. ఒక్క ఏడాదిలో ముగ్గురిని ఆవిడే ట్రాక్టరులో వేసుకుని గుంటూరు బయల్దేరారు. ముగ్గురూ దారిలోనే పోయారు. మూడోసారి తిరిగొచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. "ఆస్పత్రిని దగ్గరికి తేలేను. మందునన్నా ఇంటికి దూరంగా పెడదాం" అన్నారు.

తన ఇంటి వెనక రేకుల గదికి తాళం వేయించి, ఇల్లిల్లూ తిరిగి పురుగుమందు డబ్బాలు అడిగారు. తిట్టినవాళ్ళున్నారు, నవ్వినవాళ్ళున్నారు. ముందు ఆడవాళ్ళే చాటుగా తెచ్చిచ్చారు. డబ్బా మీద సుద్దతో ఇంటిపేరు రాసేవారు. మందు కొట్టే రోజు పొద్దున్నే తీసుకెళ్ళాలి, మిగిలింది అదే రోజు తెచ్చి అప్పగించాలి. ఇచ్చేముందు ఎవరినైనా మూడు మాటలు అడిగేవారు. ఏ చేనుకి? తోడెవరు? అన్నం తిన్నావా? తినలేదంటే మజ్జిగన్నం పెట్టి, తింటున్నంతసేపూ మాట్లాడించేవారు. ఆవిడ ఇంట్లో అన్నం ముట్టని కులాలవాళ్ళ కోసం అరటిపండ్లు ఉంచేవారు. తాను ఊళ్ళో లేనప్పుడు చూసుకోమని రెండో తాళంచెవి నాకిచ్చారు.

ఒక మధ్యాహ్నం ఆవిడ పక్క ఊరు వెళ్ళినప్పుడు శేషు వచ్చాడు. నా మరిది, మీకు చిన్నతాతయ్య. ఆ ఏడాది రెండుసార్లు విత్తినా అతని పత్తి నిలవలేదు.

"వదినా, మన డబ్బా ఇవ్వు. రేపు తెల్లారగానే మొదలుపెట్టాలి" అన్నాడు.

రేపటి పనికి ఇవాళ ఇవ్వకూడదని నాకు తెలుసు. పొద్దున అతను కంచం ముందు నుంచి లేచిపోయాడని మా అత్తగారు చెప్పనే చెప్పారు. కానీ ఊళ్ళోవాళ్ళను అడిగినట్టు సొంత మరిదిని ఎలా అడగను? చిన్నబుచ్చుకుంటాడనుకున్నాను. ఒక్క మాటా అడగకుండా గది తీసి ఇచ్చాను. పొద్దు గూకేలోపు అతన్ని చేలోంచి మంచం మీద మోసుకొచ్చారు. అప్పటికే ప్రాణం లేదు.

మా అత్తగారు వాకిట్లో నిలబడి, డబ్బా ఎవరిచ్చారని అందరినీ అడుగుతున్నారు. నేను జనం వెనక్కి జరిగాను. కబురు తెలిసి మోపెడ్ మీద వచ్చిన సువార్తమ్మగారు నా ముఖం చూశారు. నా బొడ్లో దోపుకున్న తాళంచెవి చూశారు.

"నేనేనండీ. ఊరెళ్ళేముందు నేనే ఇచ్చాను" అన్నారు.

మా అత్తగారు పిడికెడు మట్టి తీసి ఆవిడ ముఖాన కొట్టారు. ఆవిడ కదల్లేదు. నేనూ కదల్లేదు.

వారం తిరక్కుండా సగం ఊరు డబ్బాలు వెనక్కి తీసుకెళ్ళింది. మరుసటేడు అలా తీసుకెళ్ళిన ఒక ఇంట్లోంచి ఏడుపు వినిపించింది. ఆ పాపంలోనూ నాకు వాటా ఉంది. సువార్తమ్మగారు మాత్రం మళ్ళీ ఒక్కో గడపా ఎక్కడం మొదలుపెట్టారు. వాళ్ళు నమ్మి డబ్బాలు తిరిగి తేవడానికి చాలా ఏళ్ళు పట్టింది. మా అత్తగారు చనిపోయేదాకా ఆవిడ ముఖం చూడలేదు. నేను చెప్పి ఉంటే చూసేవారు. చెప్పలేదు.

తొంభై ఏళ్ళ వయసులో ఆవిడ మంచాన పడ్డాక వెళ్ళి అడిగాను, ఆ రోజు అలా ఎందుకన్నారని.

"నువ్వు ఆ ఇంట్లో బతకాలమ్మాయ్. నాకైతే నా ఇల్లుంది."

"నేను తర్వాతైనా నోరు విప్పాల్సింది" అన్నాను.

"విప్పాల్సిందే" అన్నారు. ఓదారుస్తారనుకున్నాను. ఓదార్చలేదు. దిండు కింద నుంచి తన తాళంచెవి తీసి నా చేతిలో పెట్టి, కళ్ళు మూసుకున్నారు.

ఇప్పుడు ఆ గదిలో నాలుగిళ్ళ డబ్బాలే ఉన్నాయి. పొద్దున్నే ఎవరో ఒకరు వస్తారు. నాకంటే పెద్దవాళ్ళయినా, నా సొంత కొడుకైనా, మూడు మాటలూ అడగందే తాళం తీయను. ఫోనెత్తగానే అన్నం తిన్నారా అంటానని, నానమ్మకు ఇంకో మాట రాదని మీరు నవ్వుకుంటారు. నవ్వుకోండి. జవాబు మాత్రం నిజం చెప్పండి.